కడలి అంచున తొలి పరీక్ష

ఈత, సైకిలు, పరుగు: మూడూ ఒకే ఉదయాన, విరామం లేకుండా. ఆరోగ్యవంతుడైన సామాన్యుడికి ఇది అందని ఘనకార్యమేమీ కాదు. అయితే సముద్రతీరాన జరిగే ట్రయథ్లాన్‌కు సిద్ధపడేవారు అన్నిటికంటె ముందు నేర్వవలసిన విద్య నెమ్మది.

1974 సెప్టెంబరు 25. అమెరికా పశ్చిమ తీరాన ఉన్న శాన్ డియేగో నగరంలో, మిషన్ బే అనే సముద్రపు పాయ ఒడ్డున, ఆ సాయంకాలం 46 మంది బారులు తీరి నిలబడ్డారు. స్థానిక పరుగుపందెగాళ్ళ సంఘం ఆ రోజున ఒక వింత పోటీ పెట్టింది. పరుగెత్తాలి, సైకిలు తొక్కాలి, ఈదాలి. నడుమ విశ్రాంతి లేదు. పోటీని రూపొందించిన జాక్ జాన్‌స్టన్, డాన్ షనహాన్ దానికి ‘ట్రయథ్లాన్’ అని పేరు పెట్టారు. మూడు పోటీలు కలిసినదని ఆ గ్రీకు పదాల అర్థం. బహుమతుల మీద ఆ మాట చెక్కవలసిన పనివాడు, నిఘంటువులో అది కనబడడం లేదని, అక్షరాలు ఎలా కూర్చాలో చెప్పమని ఫోను చేయవలసివచ్చింది.

ఆనాటి దూరాలు పెద్దవేమీ కావు. పరుగు మొత్తం 6 మైళ్ళు, సైకిలు 5 మైళ్ళు, ఈత 500 గజాలు. ఆ ఈత కూడా కొంత కొంతగా విడగొట్టినదే. ఏకబిగిన ఈదవలసినది 250 గజాలకు మించదు. అయినప్పటికీ వెనుకబడినవారు నీళ్ళలో ఉండగానే చీకటి పడింది. అప్పుడు కార్లను నీటివైపు తిప్పి, ముందు దీపాలు వెలిగించారు. ఆ వెలుగును ఆనవాలుగా పెట్టుకొని చివరివారు ఒడ్డు చేరుకున్నారు.

ఒక కొత్త క్రీడ పుట్టిన సాయంకాలం అది. ఈ క్రీడను గురించి తెలుసుకోవలసిన రెండు ముఖ్య విషయాలు ఆనాడే బయటపడ్డాయి. మొదటిది, ఇది వేడుక కోసం, సామాన్య ఔత్సాహికుల కోసం పుట్టిన పోటీ. రెండవది, ఇందులో అందరికంటె ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యే చోటు నీరు.

ఉక్కుమనిషి నీడ

మరి ట్రయథ్లాన్ అనగానే జనం జంకడానికి కారణమేమిటి? ఆ 46 మందిలో జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి ఒకడు. నాలుగేళ్ళ తరువాత, 1978 ఫిబ్రవరి 18న, ఆయన చొరవతో హవాయి ద్వీపాలలో ‘ఐరన్‌మాన్’ పోటీ మొదలైంది. 3.8 కిలోమీటర్లు సముద్రంలో ఈదాలి, 180 కిలోమీటర్లు సైకిలు తొక్కాలి, ఆపైన 42 కిలోమీటర్ల మారథాన్ పరుగెత్తాలి. బయలుదేరినవారు 15 మంది, చివరిదాకా నిలిచినవారు 12 మంది. గెలిచిన గోర్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లు పట్టింది. 1982లో జూలీ మాస్ అనే యువతి గమ్యానికి కొద్ది దూరంలో కుప్పకూలి, చివరకు పాకుతూ గీత దాటిన దృశ్యాన్ని టెలివిజన్ అమెరికా అంతటా చూపించింది. ఈ క్రీడ అసాధ్యులకు మాత్రమే అన్న అభిప్రాయం ఆనాటితో స్థిరపడిపోయింది.

తరువాత సంగతి వేరు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ట్రయథ్లాన్‌కు స్థానం లభించింది. 2019 అక్టోబరులో గోవాలోని మిరామార్ తీరాన ఐరన్‌మాన్‌లో సగం దూరపు పోటీ జరిగింది. ఈ పెద్ద పోటీల పక్కనే చిన్న పోటీలు కూడా ప్రపంచమంతటా వ్యాపించాయి. ‘స్ప్రింట్’ అనే రకంలో ఈత 750 మీటర్లు, సైకిలు 20 కిలోమీటర్లు, పరుగు 5 కిలోమీటర్లు. అంతకంటె చిన్నదైన ‘సూపర్ స్ప్రింట్’లో ఈత 400 మీటర్లు, సైకిలు 10 కిలోమీటర్లు, పరుగు రెండున్నర కిలోమీటర్లు.

ఈ చివరిదాన్ని లెక్కవేసి చూస్తే భయం సగం తగ్గుతుంది. వంద మీటర్లకు మూడు నిమిషాల చొప్పున నింపాదిగా ఈదితే 12 నిమిషాలు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కితే అరగంట. మధ్య మధ్య నడుస్తూ పరుగెత్తినా మరో 20 నిమిషాలు. దుస్తులు, బూట్లు మార్చుకొనే సమయంతో కలిపి గంటంపావు. ఆఫీసు పని, ఇంటి బాధ్యతలు ఉన్న మనిషి మూడు నెలల సాధనతో చేరగల గమ్యమే ఇది.

పన్నెండు వారాల సాధన

సాధన ఆరంభించే ముందు వైద్యుని సలహా పొందడం ఉత్తమం. నలభై దాటినవారికి, రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి, శ్రమపడినప్పుడు ఛాతీ నొప్పి గాని కళ్ళు తిరగడం గాని ఎరిగినవారికి, పిన్న వయస్సులోనే గుండెజబ్బుతో మరణించినవారు కుటుంబంలో ఉన్నవారికి ఇది తప్పనిసరి.

అరగంటసేపు ఆగకుండా చురుకుగా నడవగలిగి, కొలనులో ఒక కొస నుంచి రెండవ కొసకు ఈదగలిగినవారికి పన్నెండు వారాలు చాలు. వారంలో రెండు రోజులు ఈత, రెండు రోజులు సైకిలు, రెండు రోజులు పరుగు, ఒకరోజు పూర్తి విశ్రాంతి. ఒక్కొక్క పూట అరగంట నుంచి ముప్పావు గంట. దూరం వారం వారం కొద్దికొద్దిగా పెరగాలి. ప్రతి నాలుగో వారం కొంత తగ్గాలి. కండరాలు బలపడేది శ్రమలో కాక, శ్రమ తరువాతి విశ్రాంతిలోనే. ఈ మాట మరచి మొదటి పక్షంలోనే మోకాళ్ళు, మడమలు నొప్పి తెచ్చుకొని మానుకొనేవారు చాలామంది.

ఎంత వేగంగా సాధన చేయాలన్నదానికి ఏ పరికరమూ అక్కరలేదు. పరుగెత్తుతూనో, తొక్కుతూనో పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిగా ఉన్నట్లు. మాట తెగిపోతూ ఉంటే ఎక్కువైనట్లు. పరుగు కొత్త అయినవారు రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడకతో మొదలుపెట్టి, నడకను క్రమంగా తగ్గించుకుంటూ రావచ్చు. పోటీలోనూ నడవడం నిషిద్ధం కాదు.

ఊపిరి విడవడమే విద్య

కొత్తవారిలో అధిక సంఖ్యాకులు ఆగిపోయేది ఈత దగ్గరే. కొలనులో రెండు పొడవులు ఈదేసరికి రొప్పు వస్తుంది. తమకు బలం చాలదని వారు భావిస్తారు. నిజానికి చాలామంది విషయంలో లోపం ఊపిరిలో ఉంటుంది. ముఖం నీళ్ళలో ఉన్నంతసేపూ వారు గాలి బిగబట్టి, తల ఎత్తిన ఆ అరక్షణంలోనే విడవడం, పీల్చడం రెండూ చేయబోతారు. లోపలి బొగ్గుపులుసు వాయువు పూర్తిగా బయటికి పోదు. ఆ వాయువు పేరుకొన్నకొద్దీ మెదడు ప్రమాద సూచన చేస్తుంది; గుండె దడదడలాడుతుంది; చేతులు తడబడతాయి. ముఖం నీటిలో ఉండగానే బుడగలుగా గాలిని ధారగా విడవడం అలవడితే ఈ చిక్కు చాలవరకు విడిపోతుంది. అందుచేత మొదటి రెండు వారాలు దూరం మాట తలపెట్టక, నడుము లోతు నీటిలో నిలబడి ముఖం ముంచి ఊపిరి విడవడం, వెల్లకిలా తేలడం అభ్యసించడం మంచిది. తరువాత 25 మీటర్లకొకసారి ఆగుతూ, ఆగే సమయాన్ని తగ్గించుకుంటూ పోతే, పది వారాలలో 400 మీటర్లు ఏకధాటిగా ఈదడం సాధ్యమే.

వయస్సు మీరిందన్న సందేహానికి హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల సమాధానం చెప్పారు. నీరంటే భయపడే ఆమె, ఆ భయం పోగొట్టుకోవడానికే నలభై దాటిన తరువాత ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంకలోని తలైమన్నారు నుంచి ధనుష్కోటి వరకు పాక్ జలసంధిలో సుమారు 30 కిలోమీటర్లు 13 గంటల 43 నిమిషాలలో ఈదారు. అంతటి సాహసం అందరికీ అవసరం లేదు. నీటి భయం వయస్సుతో ముడిపడినది కాదని, సాధనతో వదిలేదేనని గ్రహిస్తే చాలు.

సముద్రం కొలను కాదు

కొలనులో 400 మీటర్లు ఈదగలిగినవారు సముద్రంలోనూ అంతే ఈదగలమనుకుంటారు. ఉప్పునీరు మంచినీటికంటె కొంచెం సాంద్రమైనది గనుక శరీరం తేలికగా తేలుతుందన్నది నిజమే. మన తీరాల నీరు సాధారణంగా 27 నుంచి 30 డిగ్రీల వరకు వెచ్చగా ఉంటుంది కాబట్టి, చలిదేశాలవారు ధరించే ఖరీదైన రబ్బరు దుస్తులతోనూ పని లేదు. అయితే అలసినప్పుడు పట్టుకోవడానికి గోడ ఉండదు, అడుగున దారి చూపే నల్లగీత కనబడదు, చుట్టూ పదుల సంఖ్యలో చేతులూ కాళ్ళూ కొట్టుకుంటూ ఉంటాయి.

ఇక్కడ ఒక కఠిన సత్యం చెప్పుకోక తప్పదు. 1985 నుంచి 2016 వరకు అమెరికాలో జరిగిన ట్రయథ్లాన్‌లలోని మరణాలను, గుండె ఆగి తిరిగి బతికిన ఘటనలను వైద్యులు పరిశీలించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం 135 ఉదంతాలలో 90 ఈతలోనే సంభవించాయి. పాల్గొన్నవారి సంఖ్యతో పోల్చితే ఇది లక్షకు రెండుకంటె తక్కువే. శవపరీక్ష వివరాలు లభించిన 61 మందిలో 27 మందికి గుండెకు, రక్తనాళాలకు సంబంధించిన లోపాలు ఉన్నట్లు తేలింది. వైద్య పరీక్ష లాంఛనం కాదనడానికి, నీటిలో తొందర తగదనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

సముద్రాన్ని ఎలా సమీపించాలో తెలిసినవారు మన తీరంలో తరతరాలుగా ఉన్నారు. పూరీలో యాత్రికుల చేయి పట్టుకొని అలలలో స్నానం చేయించే నోలియాలు వారిలో ప్రసిద్ధులు. వీరిలో అనేకులు తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలవారే. అల విరిగే చోట బిగుసుకొని ఎదురు నిలవడం ఎంత వ్యర్థమో వారి పక్కన ఒక్కసారి నిలబడితే తెలుస్తుంది. ఈతగాడికి వర్తించే సూత్రమూ అదే. తొడల లోతు వరకు మోకాళ్ళు ఎత్తి నడవాలి. ఎత్తైన అల విరగబోయే ముందు దాని కిందుగా మునిగి అవతల తేలాలి. తిరిగి వచ్చేటప్పుడు చేతికి ఇసుక తగిలేదాకా ఈదుతూనే ఉండి, అప్పుడు నిలబడాలి.

విశాఖ, పూరీ వంటి తీరాలలో స్నానానికి దిగినవారు ప్రాణాలు కోల్పోయారన్న వార్తలు తెలుగువారికి అపరిచితం కావు. ఇటువంటి ప్రమాదాలకు ఒక ముఖ్య కారణం రిప్ ప్రవాహం. ఒడ్డుకు కొట్టుకువచ్చిన నీరు సన్నని దారి చేసుకొని వేగంగా లోపలికి మరలిపోవడమే ఇది. ఇరుపక్కలా తెల్లని నురగతో అలలు విరుగుతుండగా, నడుమ ఒక పాయ మాత్రం ప్రశాంతంగా, కొంచెం ముదురు రంగులో కనిపిస్తుంది. తెలియనివారు అదే భద్రమైన చోటని అక్కడ దిగుతారు. ప్రవాహం ఉద్ధృతమైనప్పుడు సెకనుకు రెండు మీటర్లు దాటవచ్చు. దానికి ఎదురీది గెలవడం ఒలింపిక్ ఈతగాడికీ సాధ్యం కాదు. అది మనిషిని కిందికి లాగదు, దూరంగా మాత్రమే తీసుకుపోతుంది. కనుక ఎదురీదకుండా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం నుంచి బయటపడిన తరువాత ఒడ్డువైపు మళ్ళాలి. చేతకాకపోతే తేలుతూనే చేయి పైకెత్తి సహాయం కోరాలి.

సముద్రంలో సాధన ఎన్నడూ ఒంటరిగా చేయకూడదు. ఈతకు అనుమతి ఉన్న తీరంలో, రక్షకులు ఉన్న వేళలో, అనుభవజ్ఞుడి తోడుతో, కొట్టవచ్చినట్లు కనిపించే రంగు టోపీ ధరించి దిగాలి. ఋతుపవనాల కాలంలో, వాయుగుండం హెచ్చరికలు ఉన్నప్పుడు దిగనే కూడదు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం అలల ఎత్తును, సముద్ర స్థితిని ముందుగా అంచనా వేసి ప్రకటిస్తుంది. జాలరులు నమ్ముకొనే ఆ సమాచారం ఈతగాళ్ళకూ ఉపయోగకరమే.

పోటీకి ముందు కనీసం నాలుగైదు సార్లు ఇలా సముద్రంలో ఈది చూడాలి. ఆరేడు బారలకొకసారి మొసలి మాదిరిగా కళ్ళు మాత్రం నీటి పైకి తెచ్చి, ఎదుట ఉన్న గుర్తును చూసుకోవడం అలవరచుకోవాలి. లేకపోతే 400 మీటర్లు కాస్తా 500 అవుతాయి. గాభరా పుడితే వెల్లకిలా తిరిగి, నిదానంగా పది ఊపిరులు విడిచి, మళ్ళీ బోర్లా తిరగాలి. పోటీలో రక్షకుల పడవనో, తేలే గుర్తునో పట్టుకొని సేదతీరవచ్చు. దాని సహాయంతో ముందుకు సాగనంతవరకు నియమాలు ఇందుకు అనుమతిస్తాయి. ఈ ఒక్క సంగతి ముందుగా తెలిసి ఉండడం వల్లనే ఎందరికో ధైర్యం నిలుస్తుంది.

రెండు చక్రాలు, రెండు కాళ్ళు

మొదటి పోటీకి లక్ష రూపాయల సైకిలు కొననక్కరలేదు. ఇంట్లో ఉన్న సైకిలునే బాగుచేయించుకోవచ్చు. బ్రేకులు గట్టిగా పట్టాలి, చక్రాలలో గాలి నిండుగా ఉండాలి, గొలుసుకు నూనె ఉండాలి. సీటు ఎత్తు చూసుకోవడానికి తేలిక మార్గం ఉంది: పెడలు అట్టడుగున ఉన్నప్పుడు దానిమీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాచుకోవాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్ళకు చేటు. సముద్రపు గాలికి, ఉప్పు ఇసుకకు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కనుక తీరాన తొక్కిన ప్రతిసారీ మంచినీటితో కడిగి, తుడిచి, గొలుసుకు నూనె వేయాలి.

శిరస్త్రాణం విషయంలో రాజీ లేదు. సైకిలును ముట్టుకొనే ముందే హెల్మెట్ పెట్టుకొని పట్టీ బిగించుకోవాలి. సైకిలును తిరిగి స్థానంలో నిలబెట్టేదాకా పట్టీ విప్పకూడదు. సాధనలో కూడా ఇదే వరస పాటిస్తే పోటీనాడు పొరపాటు జరగదు.

సైకిలు దిగి పరుగు ఆరంభించిన మొదటి నిమిషాలు కొత్తవారిని నివ్వెరపరుస్తాయి. కాళ్ళు తమవి కావన్నట్లు, సీసం పోసినట్లు బరువెక్కుతాయి. ఒక తీరున గుండ్రంగా తిరగడానికి అలవాటుపడిన కండరాలు మరొక పనికి మారడానికి కొంత వ్యవధి తీసుకుంటాయి. నాలుగో వారం నుంచి వారానికొకసారి సైకిలు తొక్కి దిగిన వెంటనే పది నిమిషాలు పరుగెత్తడం దీనికి మందు. సైకిలు చివరి కిలోమీటరులో భారం తగ్గించి తేలికగా, చురుకుగా తొక్కినా మేలు జరుగుతుంది.

ఒక అంశం నుంచి మరొక అంశానికి మారే చోటును ఈ క్రీడలో నాలుగో పోటీ అంటారు. తడి కాళ్ళకు ఇసుక అంటుకొని ఉంటుంది, చేతులు వణుకుతుంటాయి, బూటు ఎక్కదు. ఒక తుండుగుడ్డ పరచి, దానిమీద హెల్మెట్, కళ్ళద్దాలు, బూట్లు, అంకె గుడ్డ వాడే వరసలో పెట్టుకోవాలి. కాళ్ళు కడుక్కోవడానికి ఒక సీసా మంచినీళ్ళు ఉంచుకోవాలి. ఇంటి పెరట్లోనే ఈ మార్పిడిని పదిసార్లు అభ్యసిస్తే ఆనాడు అయిదు నిమిషాల కంగారు తప్పుతుంది.

ఆ ఉదయం

తీరప్రాంతపు ఉక్కపోతలో చెమట త్వరగా ఆరదు, శరీరం చల్లబడదు. కాబట్టి చివరి రెండు వారాలలో కొన్ని పూటలైనా పోటీ జరిగే వేళలోనే సాధన చేయాలి. నీళ్ళు తక్కువైనా ప్రమాదమే, మితిమీరినా ప్రమాదమే. దాహాన్ని అనుసరించి కొద్దికొద్దిగా తాగడం, అందులో కొంత ఉప్పు, చక్కెర ఉండేటట్లు చూసుకోవడం మంచి పద్ధతి. 1978 నాటి హవాయి పోటీలో జాన్ డన్బార్ అనే పోటీదారు సైకిలు ముగిసేసరికి అందరికంటె ముందున్నాడు. పరుగులో అతని సహాయకుల వద్ద నీళ్ళు నిండుకున్నాయి. వారు బీరు అందించారు. చివరకు అతడు రెండవ స్థానంతో సరిపెట్టుకోవలసివచ్చింది.

పోటీకి రెండు మూడు గంటల ముందు అలవాటైన తేలిక ఆహారం తీసుకోవాలి. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. కొత్త బూట్లు, కొత్త తిండి, కొత్త కళ్ళద్దాలు ఆ రోజున వద్దే వద్దు. కాస్త ముందుగా చేరుకొని ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూడాలి. అలలు ఎటు విరుగుతున్నాయి, గుర్తులు ఎక్కడ తేలుతున్నాయి, నీటిలోకి దిగే చోటు, పైకి వచ్చే చోటు ఏవి అన్నది మనస్సుకు పట్టించుకోవాలి. ఈల మోగిన తరువాత గుంపును ముందుకు పోనిచ్చి, పది సెకన్లు ఆగి, ఒక పక్కగా దిగడం కొత్తవారికి క్షేమం. ఆ పది సెకన్ల వల్ల పోయేదేమీ లేదు.

జ్వరం ఉన్నా, ఛాతీలో ఏ మాత్రం ఇబ్బంది తోచినా, సముద్రం పొంగుతూ ఉన్నా ఆ రోజు దిగకూడదు. నిర్వాహకులు ఈతను రద్దు చేస్తే నిరుత్సాహపడకూడదు. మూడు నెలల శ్రమ వృథా అయిందని ఆ క్షణాన అనిపించవచ్చు. ఆ శ్రమతో సంపాదించుకొన్న ఊపిరి, బలం ఎక్కడికీ పోవు. మరొక ఆదివారం వస్తుంది, సముద్రమూ అక్కడే ఉంటుంది.

ఇంత జాగ్రత్తకు ఫలితమేమిటి? మొదటి పోటీలో పతకం రాకపోవచ్చు; చివరివారిలో ఒకరుగా గీత దాటవచ్చు. కాని మూడు నెలల కిందట ముఖం నీళ్ళలో ముంచడానికి వెనుదీసిన మనిషి, సముద్రం నుంచి తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చి, సైకిలు తొక్కి, పరుగెత్తి నిలబడతాడు. ఆ తృప్తికి గడియారంతో నిమిత్తం లేదు.

శాన్ డియేగోలో ఆ తొలి సాయంకాలం గెలిచినవాడు బిల్ ఫిలిప్స్. 55 నిమిషాల 44 సెకన్లలో ముగించాడు. అతని కోసం ఎవరూ దీపాలు వేయవలసిన పని లేకపోయింది. దీపాలు వెలిగింది చీకట్లో ఇంకా ఈదుతున్న చివరివారి కోసం. అర్ధశతాబ్దం గడిచినా ఈ క్రీడలో కొత్తవారికి దొరికే ఆదరణ అటువంటిదే. మంచి పోటీలో చివరి మనిషి గీత దాటేదాకా ఒడ్డున ఎవరో ఒకరు చప్పట్లు కొడుతూ ఎదురుచూస్తూనే ఉంటారు.